తెల్లని మంచు మీద తెల్లని మబ్బు: మెషీన్ లెర్నింగ్‌కి నిజంగా తేడా తెలుస్తోందా?

తెల్లకాగితం
నాలుగు నెలల పని ఒక్క రాత్రిలో తలకిందులైంది. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

ఆక్వా ఉపగ్రహంలోని మోడిస్ పరికరం తీసిన ధ్రువప్రాంతపు చిత్రాల్లో ఏ పిక్సెల్‌లో మబ్బు ఉందో, ఏ పిక్సెల్‌లో లేదో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కి, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాంకి, నేర్పిస్తున్నాను. ఆ తరువాత ఆ మబ్బుల వల్ల నేలకు ఎంత వేడి దిగుతోందో లెక్క కట్టాలి. సరైన జవాబుల కోసం కాలిప్సో ఉపగ్రహంలోని లైడార్ (లేజర్ కిరణం వేసి మబ్బును పట్టే పరికరం) కొలతలు తీసుకున్నాను. రెండూ ఒకే చోటి మీదుగా వెంటవెంటనే వెళ్లినప్పటి పిక్సెల్‌లు ఏరి శిక్షణ ఇచ్చాను. పరీక్షలో తొంభై శాతం పైనే వచ్చింది. చాలా సంతోషించాను.

మా గైడు గారు ఒక్క మాట అడిగారు: "జనవరి నెల లెక్కను నేల మీది కొలతతో పోల్చి చూశావా?" చూశాను. ఆర్కిటిక్‌లో ఒక కేంద్రం, ధ్రువ రాత్రి, సూర్యుడు లేడు. ఆకాశం నుంచి దిగే పరారుణ వికిరణాన్ని కొలిచే పరికరం మూడు రోజుల పాటు పెద్ద విలువ చూపిస్తూనే ఉంది. అంటే మబ్బు కమ్ముకుని ఉందన్నమాట. నా నెట్‌వర్క్ మాత్రం ఆ మూడు రోజులూ ఆకాశం నిర్మలం అంటోంది.

అసలు ఇది ఏమి నేర్చుకున్నట్టు? ప్రతి పరిశోధనా పత్రంలోనూ పెద్ద పెద్ద శాతాలు కనిపిస్తాయి. వాటికి అర్థం ఉందా?

పక్షిచూపు
ముందు ఒకటి చెప్పండి. శిక్షణకు, పరీక్షకు డేటాను ఎలా విడగొట్టారు?

తెల్లకాగితం
పిక్సెల్‌లన్నీ కలిపి కలగాపులగం చేసి ఎనభైకి ఇరవై. అందరూ అలాగే చేస్తారు కదా?

పక్షిచూపు
అక్కడే మొదటి జబ్బు. మబ్బు ఒక్క పిక్సెల్‌లో పుట్టి ఆ పిక్సెల్‌లోనే పోదు. ఆర్కిటిక్ మీద పరుచుకునే పొరమబ్బు వందల కిలోమీటర్లు ఉంటుంది. మీరు కలగాపులగం చేసినప్పుడు ఒకే మబ్బులోని ఒక పిక్సెల్ శిక్షణలోకి, దాని పక్క పిక్సెల్ పరీక్షలోకి వెళ్లాయి. పరీక్ష హాలులో పక్క బెంచీ జవాబు చూసి రాసిన పిల్లవాడికి వచ్చే మార్కులు ఇవి.

ఏళ్ల వారీగా విడగొట్టండి. కొన్ని సంవత్సరాలు శిక్షణకు, నెట్‌వర్క్ ఎన్నడూ చూడని మరొక సంవత్సరం పూర్తిగా పరీక్షకు. పగటి మార్కులు, రాత్రి మార్కులు వేరువేరుగా రాయండి. అన్నీ కలిపి ఒక్క శాతం చెప్పడం ఈ విషయంలో ఎవరికీ ఉపయోగపడదు.

అడిగేవాడు
నేను ఈ రంగం మనిషిని కాను, ఆసక్తితో చదువుతున్నాను. చీకటి, గడ్డకట్టే చలి, మనిషి సంచారం లేని చోటు. అక్కడ ఒక మబ్బు కనిపించలేదంటే ఏమి కొంప మునిగింది?

శీతకాలపు_కాపలా
అడిగేవాడు గారూ, దీనికి జవాబు నేను పుస్తకంలో చదవలేదు, ఒంటికి తగిలింది.

ఒక శీతకాలమంతా ధ్రువ కేంద్రంలో పనిచేశాను. గాలిలోకి బెలూన్లు వదలడం, పరికరాలు శుభ్రం చేయడం నా పని. నిర్మలమైన రాత్రి బయటికి వెళితే నక్షత్రాలు ఎంత దట్టంగా ఉంటాయంటే తెలిసిన నక్షత్రాన్ని వెతుక్కోవలసి వస్తుంది. చలికి కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. బూటు కింద మంచు కిర్రుమంటుంది. ఒకరోజు అలాగే బెలూన్ వదిలి లోపలికి వచ్చాను. రెండు గంటల తరువాత మళ్లీ వెళితే ఒక్క నక్షత్రం లేదు. గాలి మారలేదు, సూర్యుడు వచ్చే ప్రశ్నే లేదు, అయినా ఉష్ణోగ్రత పది డిగ్రీలకు పైగా పెరిగింది. బూటు కింద చప్పుడు కూడా మారింది. పైకి చూస్తే పలుచని, కిందికి వాలిన మబ్బు. అంతే.

ఆ చీకట్లో నేలకు వేడి ఇచ్చేది ఆకాశమే. మబ్బు లేకపోతే నేల తన వేడిని నేరుగా అంతరిక్షంలోకి వదిలేస్తుంది. మబ్బు వస్తే దుప్పటి కప్పినట్టే. అందుకే తెల్లకాగితం గారి మూడు రోజులు చిన్న విషయం కాదు.

వికిరణం
కాపలా గారు కళ్లకు కట్టినట్టు చెప్పారు. దానికి అంకెలు జోడిస్తాను.

1997 శరదృతువులో కెనడాకు చెందిన దె గ్రొసేయే అనే మంచు ఓడను బోఫోర్ట్ సముద్రంలో కావాలనే మంచులో ఇరికించి, దాదాపు ఏడాది పాటు ఆ మంచుతో పాటే కొట్టుకుపోనిచ్చారు. షీబా ప్రయోగం అంటారు దాన్ని. అక్కడి శీతకాలపు కొలతలు గీసి చూస్తే ఒక వింత కనిపించింది. నేల మీద నికర పరారుణ వికిరణం, అంటే ఆకాశం నుంచి దిగేదానికీ నేల వదిలేదానికీ మధ్య తేడా, ఎటుపడితే అటు చెదిరిపోయి ఉండదు. రెండే గుట్టలుగా పడుతుంది. ఒకటి చదరపు మీటరుకు సుమారు 40 వాట్ల నష్టం, అది నిర్మలాకాశం. రెండోది సుమారు సున్నా, అది ద్రవ బిందువులున్న మబ్బు. మధ్యలో ఎక్కువసేపు నిలబడదు.

అంటే ఒక మబ్బును ఉందా లేదా అని తప్పుగా చెబితే వచ్చే తప్పు 40 వాట్లు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి మొత్తం మీద సగటున పడే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 4 వాట్లు. ఒకటి కాసేపు ఉండి పోయేది, ఒకటి ఎప్పటికీ మోయవలసింది కాబట్టి రెండింటినీ తూకం వేయకూడదు. కానీ ఒక ఋతువంతా మబ్బులను తప్పుగా లెక్కిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అడిగేవాడు
"ద్రవ బిందువులున్న మబ్బు" అన్నారు. సున్నాకి ఇరవై డిగ్రీల కింద ద్రవమా? రాసేటప్పుడు పొరపాటు పడిందా?

వికిరణం
పొరపాటు కాదు, కథంతా అక్కడే ఉంది. నీరు సున్నా దగ్గర గడ్డకట్టాలంటే పట్టుకోవడానికి దానికి ఒక రేణువు కావాలి. ధూళి లాంటిది ఏదో ఒకటి. ధ్రువాల గాలిలో అలాంటి రేణువులు చాలా తక్కువ. ఆధారం దొరకని చిన్న బిందువు సుమారు మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు. కాబట్టి ఒకే మబ్బులో మంచు స్ఫటికాలు, ద్రవ బిందువులు కలిసే ఉంటాయి.

కలిసి ఉండడం అంటే సఖ్యంగా అని కాదు. స్ఫటికం చుట్టూ ఆవిరి తొందరగా చేరుతుంది, బిందువు ఎండిపోతుంది, స్ఫటికం పెరిగి రాలిపోతుంది. ఈ ఆలోచన ఆల్ఫ్రెడ్ వెగెనర్‌ది. ఖండాలు కదులుతాయని చెప్పిన ఆ వెగెనర్ గారే. 1930లో గ్రీన్‌లాండ్ మంచు మీదే ఆయన చనిపోయారు. తరువాత బెర్గెరాన్, ఫిండైసెన్ దాన్ని పూర్తి చేశారు. ఆ లెక్క ప్రకారం ఈ మిశ్రమ మబ్బులు గంటల్లో అయిపోవాలి. ఆర్కిటిక్‌లో రోజుల తరబడి నిలుస్తాయి. పైభాగం చల్లబడి కిందికి కూలుతూ గాలిని తిరగేస్తుంటే కొత్త బిందువులు పుడుతూనే ఉంటాయి.

మబ్బు వెచ్చగా ఉంచుతుందా లేదా అన్నది ఎక్కువగా ఆ ద్రవం ఎంత ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది.

నమూనా_మనిషి
కంప్యూటర్లో వాతావరణ నమూనాలు నడిపేవాడిగా ఒక మాట. మాకు అసలు నొప్పి ఇక్కడే ఉంది. భూమిని గళ్లుగా విడగొట్టి లెక్క కడతాం, మా గడి ఒక్కొక్కటి సుమారు వంద కిలోమీటర్లు. బిందువు మిల్లీమీటరులో వందో వంతు. మధ్యలో ఉన్నదంతా సూత్రాలతో అంచనా వేస్తాం. ఆ అంచనాలు చాలాకాలం పాటు ద్రవాన్ని తొందరపడి మంచుగా మార్చేశాయి. దక్షిణ మహాసముద్రం మీద ఫలితం స్పష్టంగా కనిపించింది. నమూనాలో మబ్బులు పలుచబడి, నిజంగా పడేదానికంటే ఎక్కువ ఎండ సముద్రంలోకి వెళ్లింది. తరువాతి తరం నమూనాల్లో దీన్ని సరిచేశాక వాటిలో చాలావాటిలో భూమి వేడెక్కే అంచనా పెరిగింది. ధ్రువాల పక్కన మబ్బులో నీరా మంచా అన్న ప్రశ్న ప్రపంచం మొత్తం లెక్కను కదిలించింది.

అందుకే చేత్తో రాసిన ఆ సూత్రాల స్థానంలో నేర్చుకున్న నెట్‌వర్క్‌ను పెట్టాలన్నది నా అభిప్రాయం. 2018లో రాస్ప్, ప్రిచర్డ్, జెంటీన్ ముగ్గురూ భూభాగమే లేని నీటి గ్రహం నమూనాలో అది సాధ్యమేనని చూపించారు. ఆరేళ్లకు గూగుల్ వాళ్ల న్యూరల్‌జీసీఎం అనే నమూనా వచ్చింది. గాలి కదలికల లెక్క పాత పద్ధతిలోనే ఉంచి, మిగతా అంచనాలను నేర్చుకున్న నెట్‌వర్క్‌కి అప్పగించారు.

భౌతికవాది
ఇక్కడ నేను ఒప్పుకోను. నమూనా_మనిషి గారు చెప్పిన న్యూరల్‌జీసీఎం దేని మీద నేర్చుకుంది? ఎరా5 పునర్విశ్లేషణ మీద, అంటే గతంలోని కొలతలను ఒక నమూనాతో కలిపి కట్టిన వాతావరణ రికార్డు మీద. ఆ ఎరా5 లోనే శీతకాలపు సముద్రపు మంచు ఉపరితలం నిజంగా ఉన్నదానికంటే వెచ్చగా చూపిస్తుందని తెలిసిన విషయమే. గురువు తప్పు చెబితే శిష్యుడు అదే తప్పు ఇంకా స్పష్టమైన ఉచ్చారణతో చెబుతాడు.

రెండోది ఇంకా పెద్దది. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. మనం శిక్షణకు వాడే గత 20 ఏళ్ల ఆర్కిటిక్ రేపు ఉండదు. సెప్టెంబరులో మంచే లేని సముద్రం మీద మబ్బు ఎలా ఉంటుందో నెట్‌వర్క్ ఎక్కడ చూసింది? చూడనిదాన్ని చెప్పమంటే ధైర్యంగా ఏదో ఒకటి చెబుతుంది. ఆ ధైర్యమే నాకు భయం. భౌతిక సూత్రం తప్పు కావచ్చు, కానీ ఎందుకు తప్పో విప్పి చూడగలను.

పక్షిచూపు
భౌతికవాది గారి భయం నిజమే, కానీ దానికి మందు అసలే లేదని కాదు. నెట్‌వర్క్‌కి ఉష్ణోగ్రతను, తేమను నేరుగా ఇస్తే రేపటి విలువలు దానికి కొత్తవి. గాలి ఆ ఉష్ణోగ్రత దగ్గర పట్టగలిగే తేమలో ఎంత వంతు ఉంది అన్న రూపంలో ఇస్తే, వేడెక్కిన లోకంలోనూ ఆ అంకె దాదాపు పాత పరిధిలోనే తిరుగుతుంది. ఏ రూపంలో ఇవ్వాలో చెప్పేది భౌతికశాస్త్రమే. మీ ఇద్దరిదీ నాకు తగవులా కనిపించడం లేదు.

భౌతికవాది
తగవే. మీరు చెప్పిన మందు కొంతదూరమే పనిచేస్తుంది. మంచు పోయిన సముద్రం అన్నది కొత్త ఉష్ణోగ్రత మాత్రమే కాదు, కొత్త ఉపరితలం.

మబ్బులగుట్టు
మా అనుభవం చెబుతాను, తెల్లకాగితం గారికి పనికొస్తుంది. మేము నెట్‌వర్క్ కాకుండా రాండమ్ ఫారెస్ట్ (చాలా నిర్ణయ వృక్షాల ఓట్లు కలిపి జవాబు చెప్పే పద్ధతి) వాడి దిగువ మబ్బుల్లో నీరా మంచా అని గుర్తించే పని చేశాం. మార్కులు బాగానే వచ్చాయి. తరువాత ఏ అంశానికి ఎంత బరువు ఇస్తోందో విప్పి చూశాం. అన్నిటికంటే పైన ఉన్నది ఏడాదిలో ఎన్నో రోజు అన్న అంకె! మబ్బును చూడడం మానేసి పంచాంగం చదువుతోంది. జూలై అయితే నీరు, జనవరి అయితే మంచు అని చెబితే చాలాసార్లు సరిపోతుంది మరి. మనకు కావలసింది జనవరిలో వచ్చే నీటి మబ్బు. అది ప్రతిసారీ తప్పిపోయింది.

తేదీని, అక్షాంశాన్ని తీసేశాం. మార్కులు తగ్గాయి, చెప్పేది మాత్రం మబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టింది.

అడిగేవాడు
పంచాంగం చూసి వాన చెప్పినట్టే. ఇది నాకు బాగా అర్థమైంది.

తెల్లకాగితం
పక్షిచూపు గారు చెప్పినట్టు ఏళ్ల వారీగా విడగొట్టి మళ్లీ నడిపాను. పగటి మార్కులు కొంచెం తగ్గాయి. రాత్రి మార్కులు రాద్దామని చూస్తే పరీక్ష డేటాలో రాత్రి పిక్సెల్‌లే లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాను. డేటా శుభ్రం చేసే చోట ఒక వరుస ఉంది: ఏ ఛానల్‌లోనైనా విలువ లేకపోతే ఆ పిక్సెల్ తీసెయ్యి. మోడిస్‌లో 36 ఛానళ్లు, ఒక్కొక్కటి ఒక్కో తరంగదైర్ఘ్యపు వెలుగును కొలుస్తుంది. అందులో నేను వాడిన దృశ్యకాంతి ఛానళ్లకు చీకట్లో విలువే ఉండదు. ఆ ఒక్క వరుస ధ్రువ రాత్రి మొత్తాన్ని ఊడ్చేసింది. జనవరి మీద నడిపేటప్పుడేమో ఖాళీల్లో సున్నాలు నింపాను. అంటే సూర్యుణ్ణి చూసి పెరిగిన నెట్‌వర్క్‌కి నల్ల కాగితం చూపించి మబ్బు ఎక్కడుందని అడిగాను.

లేజర్_దారి
తెల్లకాగితం గారూ, మీరు పారేసినవి మీ దగ్గర ఉన్నవాటిలో అత్యుత్తమమైన జవాబులు. లైడార్ తన వెలుగు తానే తీసుకెళుతుంది. పగలు ఎండ దాని సంకేతంలోకి చొరబడి గోల చేస్తుంది, రాత్రి ఆ గోల ఉండదు. కాలిప్సో రాత్రి కొలతలే పగటివాటి కంటే స్పష్టంగా ఉంటాయి.

జవాబుల గురించే మరికొన్ని విషయాలు చెప్పాలి. జవాబులంటే శిలాశాసనాలు అనుకుంటారు చాలామంది.

కాలిప్సో 2006 ఏప్రిల్‌లో వెళ్లింది, 2023లో ఆగిపోయింది. దాని కక్ష్య 82 డిగ్రీల అక్షాంశం దాకానే. దానికి పైన ధ్రువం చుట్టూ ఒక గుండ్రటి ప్రాంతం ఉంది, దాని మీద లైడార్ ఎప్పుడూ వెలుగు వేయలేదు. నెట్‌వర్క్ అక్కడ ఏమి చెప్పినా కాలిప్సోతో సరిచూడలేరు. 2019 శరత్తు నుంచి మరుసటి శరత్తు దాకా పోలార్‌స్టెర్న్ ఓడ మోజాయిక్ యాత్రలో మంచుతో పాటు కొట్టుకుపోతూ ఆ ప్రాంతంలో చాలాకాలం ఉంది. పరీక్షకు దాని కొలతలు వాడుకోండి.

లైడార్ కిరణం నేల మీద పడే చోటు సుమారు 70 మీటర్ల వెడల్పు. మీ మోడిస్ పిక్సెల్ కిలోమీటరు. చారను చూసి చాప ఎలా ఉందో చెబుతున్నారు. చెదురుమదురు మబ్బు ఉన్న చోట రెండూ విభేదిస్తే తప్పు నెట్‌వర్క్‌ది కాకపోవచ్చు. పైగా దట్టమైన ద్రవ మబ్బులోకి లేజర్ కొంతదూరమే దూరుతుంది, కింద ఏముందో చెప్పలేదు. దానికి తోడుగా వెళ్లిన క్లౌడ్‌శాట్ రాడార్ దూసుకుపోగలదు కానీ నేలకు దగ్గరగా సుమారు కిలోమీటరు లోపల నేల ప్రతిధ్వని దాన్ని కప్పేస్తుంది. ఆర్కిటిక్ మబ్బుల్లో చాలావి ఉండేది సరిగ్గా అక్కడే.

ఇంకొకటి. 2011లో క్లౌడ్‌శాట్ బ్యాటరీ దెబ్బతింది. అప్పటి నుంచి సూర్యుడున్న వైపే పనిచేసింది. అంటే ఆ తరువాతి ధ్రువ రాత్రులకు రాడార్ జవాబులు లేవు. 2018లో కాలిప్సో, క్లౌడ్‌శాట్ రెండూ ఆక్వాతో కలిసి తిరిగే వరుస వదిలి కింది కక్ష్యకు దిగాయి. కాబట్టి ఆ తరువాతి జతలు తీసుకుంటుంటే చూసుకోండి, సమయం కలవదు.

తెల్లకాగితం
2018 తరువాతివి తీసుకోలేదు. క్లౌడ్‌శాట్ బ్యాటరీ సంగతి మాత్రం ఇప్పుడే తెలిసింది. రేపటి నుంచి రాత్రికి విడిగా నెట్‌వర్క్ కడతాను, పరారుణ ఛానళ్లు మాత్రమే ఇస్తాను. నేల మీది పరికరం ఉంది కాబట్టి చివరికి నిజం అదే చెబుతుంది.

శీతకాలపు_కాపలా
ఆ చివరి వాక్యం దగ్గర ఆగండి.

ఆ పరికరం నెత్తి మీద చిన్న గుండ్రటి గిన్నె బోర్లించినట్టు ఒక కప్పు ఉంటుంది. నిర్మలమైన చలి రాత్రి దాని మీద నురగ లాంటి తెల్లటి మంచు పేరుకుంటుంది. దూది పింజల్లా చాలా అందంగా ఉంటుంది. కానీ అప్పుడు పరికరం ఆకాశాన్ని కాదు, తన నెత్తి మీది మంచునే కొలుస్తుంది. ఆ మంచు పరికరమంత వెచ్చగా ఉంటుంది కాబట్టి అంకె అచ్చం మబ్బు పట్టినట్టే పెరుగుతుంది. మాకు గాలి ఊదే ఫ్యాను ఉండేది, అయినా కొన్ని రాత్రులు సరిపోయేది కాదు. టార్చి పట్టుకుని వెళ్లి, చేతితొడుగు తీసి మెత్తటి గుడ్డతో తుడిచి, తుడిచిన నిమిషం పుస్తకంలో రాసేవాళ్లం. తుడిచిన వెంటనే అంకె ధబ్బున పడిపోతే అంతకుముందు గంటలన్నీ అనుమానమే.

మీ మూడు రోజుల్లో అంకె అలా ఉన్నట్టుండి పడిన చోటు ఉందేమో చూడండి. అదే కేంద్రంలో సీలోమీటర్ ఉంటే దాని కొలతలు కూడా తెప్పించండి. నిట్టనిలువుగా లేజర్ వేసి మబ్బు అడుగు ఎత్తు చెప్పే చిన్న పరికరం అది. మంచు పేరుకోవడానికీ మబ్బు పట్టడానికీ తేడా దానికి తెలుస్తుంది.

భౌతికవాది
కాపలా గారి మాట ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చింది. ప్రతి డేటా వెనుక ఒక గుడ్డ ముక్క, ఒక చెయ్యి ఉన్నాయి. ఆ చేతి రాత చదవకుండా నెట్‌వర్క్ కట్టకూడదు.

అడిగేవాడు
మరొక సందేహం. మబ్బు దుప్పటి అన్నారు. ఎండాకాలంలో గొడుగు కూడా కావాలి కదా? అయితే మబ్బులు మంచును కరిగిస్తున్నాయా, కాపాడుతున్నాయా?

వికిరణం
ఏ నెల, కింద ఏముంది అన్నదాన్ని బట్టి. కొత్త మంచు తన మీద పడిన ఎండలో 80 శాతం పైగా తిప్పి కొడుతుంది. అలాంటి తెల్లని నేలకు గొడుగు పట్టి మిగిల్చేది పెద్దగా ఉండదు, దుప్పటి పనే గెలుస్తుంది. నల్లటి సముద్రం తొంభై శాతం పైగా మింగేస్తుంది, అక్కడ గొడుగు గెలుస్తుంది. షీబా చోట ఏడాదిలో ఎక్కువ భాగం మబ్బులు వెచ్చబరిచాయి, నడివేసవిలో కొద్ది కాలమే చల్లబరిచాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మధ్యస్థపు మబ్బు. 2012 జూలైలో గ్రీన్‌లాండ్ మంచు ఉపరితలం దాదాపు అంతా, సుమారు 97 శాతం, కరిగింది. 3,200 మీటర్ల ఎత్తున ఉన్న సమ్మిట్ కేంద్రం దగ్గర కూడా. ఆ రోజున అక్కడ పలుచని ద్రవ మబ్బులు ఉన్నాయి. ఎండ దిగగలిగేంత పలుచన, పరారుణాన్ని ఆపగలిగేంత దట్టం. ఇంకొంచెం దట్టమైతే ఎండ ఆగేది, ఇంకొంచెం పలుచనైతే వేడి జారిపోయేది. 2013లో బెన్నార్ట్స్ బృందం నేల మీది కొలతలతో ఇది చూపించింది.

నమూనా_మనిషి
అందుకే ఉంది, లేదు అన్న రెండు జవాబుల నెట్‌వర్క్ చాలదు. ఎంత నీరు అన్నది చెప్పాలి.

మబ్బులగుట్టు
భౌతికవాది గారి "కొత్త ఉపరితలం" ప్రశ్నకు వస్తాను. అది కొంతవరకు ఇప్పటికే జరుగుతోంది, కాబట్టి కొంతవరకు చూడవచ్చు. కాలిప్సో కొలతల్లో ఇది బయటపడింది: శరత్తులో మంచు తగ్గి సముద్రం తెరుచుకున్న చోట దిగువ మబ్బులు పెరుగుతాయి. వేసవిలో అలా పెరగవు. శరత్తులో నీరు వెచ్చగా, గాలి చల్లగా ఉండి ఆవిరి పైకి లేస్తుంది. వేసవిలో రెండింటి మధ్య ఆ తేడా ఉండదు. వేసవిలో కొత్తగా తెరుచుకున్న నల్లటి నీటికి మబ్బు గొడుగు పట్టి కాపాడుతుందనుకున్న ఆశ అక్కడ నిలబడలేదు. శరత్తు మబ్బేమో దుప్పటి కప్పుతుంది.

నెట్‌వర్క్‌ను పరీక్షించడానికి ఇంతకంటే మంచి ప్రశ్నాపత్రం లేదు. మంచు ఎక్కువగా ఉన్న సంవత్సరాల మీద నేర్పించి, బాగా తగ్గిపోయిన 2012 శరత్తు చూపించి, ఈ తేడాను తనంతట తాను చెబుతుందా చూడండి.

భౌతికవాది
ఇది న్యాయమైన పరీక్ష. దీంట్లో నెగ్గితే నా మాట సగం వెనక్కి తీసుకుంటాను. మిగతా సగం అలాగే ఉంటుంది, ఎందుకంటే నీరు తెరుచుకున్నందువల్ల మబ్బు వచ్చిందా, దక్షిణం నుంచి తేమ గాలి వచ్చి మంచు కరిగించి మబ్బు కూడా తెచ్చిందా అన్నది పోలికలు చూసి తేలే విషయం కాదు.

మబ్బులగుట్టు
తేలదు. గాలి ఎటు నుంచి వీచిందో ముందుగా గుంపులు కట్టి, ఒకే రకం గాలి వీచిన రోజుల్లో మాత్రమే మంచు ఉన్న చోటును, లేని చోటును పోల్చాలి. ఆ గుంపులు కట్టే పనికి మాత్రం యంత్రం చాలా బాగా పనికొస్తుంది.

లేజర్_దారి
2024 మేలో ఎర్త్‌కేర్ వెళ్లింది, ఐరోపా, జపాన్ కలిసి చేసినది. లైడార్, రాడార్ రెండూ ఒకే ఉపగ్రహంలో. అదే ఏడు మే, జూన్‌లలో ప్రీఫైర్ పేరుతో రెండు బుల్లి ఉపగ్రహాలు ధ్రువాల దూర పరారుణాన్ని కొలవడానికి వెళ్లాయి. ధ్రువాలు వదిలే వేడిలో సగానికి పైగా ఆ తరంగాల్లోనే పోతుంది. తెల్లకాగితం గారు ఇప్పుడు కట్టే రాత్రి నెట్‌వర్క్‌ను వీటితో సరిచూసుకోవచ్చు.

తెల్లకాగితం
పది రోజుల తరువాత వస్తున్నాను. అందరికీ చెప్పవలసింది ఉంది.

సీలోమీటర్ కొలతలు తెప్పించాను. మొదటి రెండు రోజులు నిజంగా మబ్బే, అడుగు నేలకు అయిదారు వందల మీటర్ల ఎత్తున. మూడో రోజు సీలోమీటర్‌కి ఏమీ తగలలేదు. ఆ రోజు పరికరం అంకె ఎక్కువగానే ఉండి, పొద్దున ఒక్క నిమిషంలో ధబ్బున పడిపోయింది. కాపలా గారూ, మీరు చెప్పినట్టే. ఎవరో వెళ్లి తుడిచి ఉంటారు. ఆకాశం ఆ రోజు నిర్మలమే. నా పాత నెట్‌వర్క్ కూడా నిర్మలమనే చెప్పింది కానీ అది దాని గొప్ప కాదు, దానికి ఏ రోజైనా అదే జవాబు.

రాత్రి నెట్‌వర్క్ మొదటిది మబ్బులను తిరగేసి చెప్పింది. ఎందుకో అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. మిగతా ప్రపంచంలో మబ్బు పైభాగం నేల కంటే చల్లగా ఉంటుంది. ధ్రువ రాత్రిలో నేలే అన్నిటికంటే చల్లన, కొన్ని వందల మీటర్ల పైన గాలి వెచ్చన. కాబట్టి మబ్బు నేల కంటే వెచ్చగా కనిపిస్తుంది. శిక్షణలో నేను తక్కువ అక్షాంశాల రాత్రులు కూడా కలిపాను, అది చలి అంటే మబ్బు అని నేర్చుకుంది. ఇప్పుడు వాటిని తీసేసి, 7.2 మైక్రాన్ల ఛానల్‌కీ 11 మైక్రాన్ల ఛానల్‌కీ మధ్య తేడాను విడిగా ఇచ్చాను. మొదటిది పైగాలిని చూస్తుంది, రెండోది నేలను. మొదటిది బాగా వెచ్చగా ఉండి రెండోది చల్లగా ఉంటే మధ్యలో దుప్పటి లేనట్టు.

ఇప్పుడు మొదటి రోజు మబ్బు పట్టుకుంటోంది. రెండో రోజు తెల్లవారుజామున మబ్బు పలుచబడిన నాలుగు గంటలు ఇంకా తప్పిపోతోంది.

వికిరణం
ఆ నాలుగు గంటల్లో ద్రవం ఎంత ఉందో మైక్రోవేవ్ రేడియోమీటర్ కొలత దొరుకుతుందా? చాలా తక్కువ ఉంటే మోడిస్‌కి అసలు కనిపించదేమో. అప్పుడు అది నెట్‌వర్క్ తప్పు కాదు.

తెల్లకాగితం
ఆ కేంద్రంలో ఉంది. ఈ రోజే అడుగుతూ ఉత్తరం రాశాను. తుడిచిన వేళలు రాసే పుస్తకం నకలు కూడా అడిగాను.

శీతకాలపు_కాపలా
పుస్తకం తప్పకుండా ఇస్తారు. అంచున పెన్సిలుతో రాసినవి కూడా చదవండి. పెన్ను సిరా గడ్డకడితే అసలు సంగతులు అక్కడే రాస్తాం.